ముందు ఎడమ మూల

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. గుద్దుకున్న బండిని చూసి ఎంత నష్టం జరిగింది, ఎలా జరిగింది అని రిపోర్టు రాసివ్వడం నా పని. ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. విజయవాడ ఆటోనగర్ షెడ్లు మొదలుకొని సూర్యాపేట దాకా, హైవే పక్కన పోలీసు స్టేషన్ల ఆవరణల్లో తుప్పు పట్టే బళ్ళ దాకా, నేను వంగి చూడని మోడల్ దాదాపు లేదు.

కొన్నేళ్ళు చూశాక బండే మాట్లాడుతుంది. బంపరు మధ్యలో లోపలికి పోయి రేడియేటరు చితికితే బ్రేకు ఆలస్యంగా పడిందని అర్థం. కుడి పక్క తలుపుల మీద పొడుగ్గా గీతలుంటే డివైడర్ రాసుకుపోయింది. ముందు ఎడమ మూల పోతే మాత్రం నేను ఎవరినీ ఏమీ అడగను. హెడ్‌లైటు, ఫెండరు, చక్రం, ఆ పైన అద్దం పట్టుకునే పిల్లరు, అన్నీ ఎడమ వైపే నుజ్జయి, కుడి వైపు బండి కొత్తదానిలా ఉంటుంది. స్పాట్ సర్వేకి, అంటే ప్రమాదం జరిగిన చోటికే, వెళ్ళి ఆ మూల చూడగానే మిగతా కథంతా కళ్ళ ముందుకొస్తుంది.

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒక్కో వైపు రెండే లేన్లు. ముందు ఒక లారీ డివైడర్ పక్కనే, అంటే కుడి లేన్‌లో, యాభై అయిదు మీద పోతూ ఉంటుంది. వెనక కారు వంద మీద వస్తుంది. లైట్లు వేస్తాడు, హారన్ కొడతాడు, లారీ కదలదు. ఎడమ లేన్ ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగా కనిపిస్తుందే కానీ ఖాళీగా ఉందో లేదో ఆ లారీ వెనక నుంచి తెలియదు, ఎందుకంటే అంత ఎత్తు బాడీ ముందున్న రోడ్డునంతా కప్పేస్తుంది. స్టీరింగు ఎడమకి తిప్పి యాక్సిలరేటరు తొక్కుతాడు. లారీ పక్కకి వచ్చేసరికి ఎదురుగా ఇంకో లారీ, ఆగి ఉన్నది, తెల్ల గీత దాటి సగం లేన్‌లోకి వచ్చి. మళ్ళీ కుడికి కోస్తాడు. బండి చాలావరకు తప్పుకుంటుంది. ముందు ఎడమ మూల తప్పుకోదు.

మన దేశంలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. ఎడమ పక్క కూర్చునేది భార్య, తల్లి, ఒళ్ళో పాపని పెట్టుకున్న చెల్లెలు. నడిపిన మనిషి చాలాసార్లు బతుకుతాడు. తలకి కట్టుతో, నెల తర్వాత, నా ఎదురుగా కూర్చుని క్లెయిం ఫారం మీద సంతకం పెడతాడు.

రెండేళ్ళ కిందట సంక్రాంతి అయిన వారానికి అలాంటి మనిషి ఒకాయన నన్ను అడిగారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. సంతకం పెట్టి పెన్ను తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని, "ఆ లారీ ఎడమ పక్కనే పోయుంటే మా ఆవిడ ఉండేది కదా సార్?" అన్నారు.

అవునండీ అన్నాను. అది అబద్ధం కాదు. కానీ లారీ డ్రైవరు కొడుకుగా నాకు తెలిసిన నిజంలో అది సగమే. మిగతా సగం ఆయనకి ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

రూలు గురించి ఎక్కువ రాయాల్సింది లేదు, అది స్పష్టంగానే ఉంది. 1989 నాటి రోడ్డు నియమాలు తీసేసి కేంద్రం 2017లో కొత్త డ్రైవింగ్ నియమావళి తెచ్చింది. రెండిట్లోనూ మాట ఒకటే: ఎడమ పక్కగా నడుపు. నెమ్మదిగా పోయే బండి ఎడమ లేన్‌లో ఉండాలి, కుడి లేన్ ముందు బండిని దాటడానికి, దాటాక మళ్ళీ ఎడమకి రావాలి. నాలుగు లేన్ల డివైడర్ రోడ్ల మీద 2018 నుంచి కారుకి గరిష్ఠ వేగం 100, సరుకు లారీకి 80. ఆ ఇరవై కిలోమీటర్ల తేడా చాలు, ఎవరు ఏ లేన్‌లో ఉండాలో చెప్పడానికి. ఇలాంటి నియమాలు తప్పితే 2019 సవరణ ప్రకారం 500 నుంచి 1,000 రూపాయల జరిమానా. నేను చూసిన వందల ఫైళ్ళలో లేన్ తప్పినందుకు చలానా పడ్డ లారీ కాగితం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. ఓవర్‌లోడు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, అన్నీ చూశాను. లేన్ చూడలేదు.

అయితే రూలు తెలిసిన డ్రైవరు కూడా కుడి లేన్‌లోనే ఎందుకుంటాడు? ఈ ప్రశ్న నేను సూర్యాపేట దాటాక రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఒక డ్రైవరునే అడిగాను. పది టైర్ల లారీ, జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు బస్తాలు. మనిషికి ముప్పై లోపే. ఊరు అద్దంకి వైపట. ఒక్కడే ఉన్నాడు, పక్కన క్లీనర్ లేడు.

"తమ్ముడూ, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. లెఫ్ట్ ఖాళీగా ఉన్నా మీరంతా రైట్‌లోనే ఎందుకు పోతారు?"

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీరు ఒక గంట లెఫ్ట్‌లో లారీ తోలండి సార్. తర్వాత మీరే నాకు చెబుతారు."

"తోలలేదు గానీ పక్కన కూర్చున్నా. మా నాన్న లారీ డ్రైవరే. టాటా పన్నెండు పది లారీ మీద నేను క్లీనరు పని చేశా, సెలవుల్లో."

అక్కడి నుంచి సార్ పోయి అన్నా వచ్చింది. మాట కూడా మారింది.

"అన్నా, లెఫ్ట్‌లో కిలోమీటరుకొక బండి ఆగి ఉంటది. దాన్ని తప్పించాలంటే రైట్‌కి రావాలి. రైట్‌కి రావాలంటే వెనక కారోడు ఆగాలి. ఎవడాగుతాడు? నేను బ్రేకు కొట్టి, ఆరో గేరు నుంచి మూడుకి దిగి, అక్కడ నిలబడి, కార్లన్నీ పోయాక మళ్ళీ ఒక్కో గేరు ఎక్కాలి. లోడు మీద ఉన్నది మళ్ళీ యాభై అందుకునేసరికి ఇంకోటి ఆగి ఉంటది. ట్రిప్పుకి ఇంత డీజిలని ఓనరు లెక్క కట్టి ఇస్తాడు. దాటితే నా బత్తాలోంచే."

పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నులుండొచ్చని 2018లో అనుమతి పెంచారు. ఓవర్‌లోడు లేకుండానే అంత బరువు. దాన్ని ఆపడం ఎంత కష్టమో, మళ్ళీ వేగం అందుకోవడం కూడా అంతే కష్టం. కారు నడిపేవాళ్ళకి అయిదు సెకన్లలో అయ్యే పని వాళ్ళకి ఒక నిమిషం.

"అది కాదన్నా అసలు సంగతి" అన్నాడు మళ్ళీ. "రైట్‌లో ఉంటే నా కిటికీ పక్కనే డివైడర్. అది నా మీదకి రాదు. లెఫ్ట్‌లో ఏదొస్తుందో నాకు కనపడదు. పక్కన చూసే మనిషి లేడు. బైకు మీద మొగుడూ పెళ్ళాం పిల్లాడు ఊళ్ళోంచి సడన్‌గా ఎక్కుతారు. తగిలితే వాళ్ళదే తప్పయినా జనం నన్నే కొడతారు. పెద్ద బండిదే తప్పు. అందుకే రైట్."

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. మా నాన్న రోజుల్లో ఎడమ పక్క చూడడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి నేనే.

1989 వేసవి. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. క్లీనరు కుర్రాడు పెళ్ళని ఊరెళ్ళాడు, నాన్న నన్ను ఎక్కించుకున్నాడు. అప్పుడు ఈ రోడ్డు నంబరు 9. డివైడర్ లేదు, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకే తారు మీద. జగ్గయ్యపేట వైపు సిమెంటు ఎక్కించుకుని రాత్రి పది గంటలకి బయలుదేరితే తెల్లవారి ఎప్పటికో హైదరాబాద్. నా పని ఎడమ కిటికీ. సైకిలు, ఎడ్లబండి, గొర్రెల మంద, ఏది ఉన్నా ముందే అరిచి చెప్పాలి. ఇరుకు కల్వర్టుల దగ్గర తల బయట పెట్టి చక్రం అంచు చూస్తూ, తలుపు మీద చేత్తో కొడుతూ "రానీ, రానీ, రానీ" అనాలి. నిద్రొచ్చి నేను తూగితే నాన్న తిట్టేవాడు కాదు. బండి పక్కకి ఆపేసి, "కన్ను మూసుకుంటే సగం రోడ్డు మూసుకున్నట్టేరా" అని ముఖం మీద నీళ్ళు కొట్టుకోమనేవాడు.

ఇప్పుడు లారీల్లో క్లీనర్లు తగ్గిపోయారు. కిరాయి రేట్లు పెరగలేదు, డీజిలు పెరిగింది, టోలు పెరిగింది, ఓనరు ముందు కోసేది క్లీనరు జీతమే. కుర్రాళ్ళు కూడా ఆ పనికి రావట్లేదు, డెలివరీ పనికి వెళుతున్నారు, వాళ్ళని తప్పు పట్టలేం. కానీ దాని ఫలితం రోడ్డు మీద కనిపిస్తుంది. కుడి పక్క కూర్చున్న ఒంటరి డ్రైవరుకి ఎడమ పక్కంటే ఒక అద్దం మాత్రమే. ఆ అద్దంలో కనపడని జాగా చాలా ఉంది. తనకి కనపడే వైపుకి జరగడం ఏ మనిషికైనా సహజం. లేన్ క్రమశిక్షణ గురించి మాట్లాడేవాళ్ళు ఎవరూ క్లీనరు సంగతి ఎత్తగా నేను వినలేదు.

ఆ డ్రైవరు మాట ఎంతవరకు నిజమో నేనే చూడాలనుకున్నాను. ఒక ఉదయం చిల్లకల్లు టోల్ దాటాక నా కారుని అరవై మీద పెట్టి, లారీలాగా ఎడమ లేన్ వదలకుండా సూర్యాపేట దాకా వెళ్ళాను. మా బావమరిది పక్కన కూర్చుని నోటుపుస్తకంలో గీతలు గీశాడు. ఎడమ లేన్‌లోకి చొచ్చుకొచ్చి ఆగి ఉన్న లారీలు, ట్రాక్టర్లు 19. నాకు ఎదురుగా, మా లేన్‌లోనే, తప్పు దారిలో వచ్చిన బైకులు 11. ఒక చోట రోడ్డు మీదే వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చారు. మునగాల దాటాక గేదెలు. కూల్‌డ్రింకులు, పళ్ళ బళ్ళ ముందు అడ్డదిడ్డంగా ఆపిన కార్లు గీతల్లో లేవు, వాడు వాటిని లెక్కపెట్టడం మధ్యలో మానేశాడు. "ఇంకెంత దూరం బావా ఇలా, నాకు టెన్షన్‌గా ఉంది, రైట్‌కి తియ్యి" అన్నాడు కోదాడ దాటగానే. చక్కగా కారు నడిపే మనిషి వాడు. కారులోనే వాడికి అలా ఉంది.

తప్పు దారిలో వచ్చే బైకుల మీద కూడా నాకు కోపం రాదు. పొలం రోడ్డుకి అటు పక్క ఉంటుంది, ఊరు ఇటు పక్క. యూటర్న్ ఎక్కడో రెండు మూడు కిలోమీటర్ల అవతల. బండలు పగిలే ఎండ. వాళ్ళు ఎదురు రావడం ప్రమాదమని వాళ్ళకి తెలుసు. రోడ్డు వేసినవాళ్ళు ఊరిని చూసి వేయలేదు.

ఇదే లారీ, ఇదే డ్రైవరు, పెద్దఅంబర్‌పేట దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే ఎలా మారతాడో చూడండి. 158 కిలోమీటర్ల రోడ్డు, ఒక్కో వైపు నాలుగు లేన్లు. బైకులకి అనుమతి లేదు. ఊళ్ళ నుంచి నేరుగా ఎక్కే దారులు లేవు, ఇంటర్‌ఛేంజి దగ్గరే ఎక్కాలి, దిగాలి. కుడి రెండు లేన్లు వేగంగా పోయేవాళ్ళకి, ఎడమ రెండు బరువు బళ్ళకి. నేను చూసినంతలో చాలా లారీలు అక్కడ ఎవరూ చెప్పకుండానే ఎడమకి జరుగుతాయి. పది నిమిషాల ముందు డివైడర్ వదలని మనిషే. అతని గుణం పది నిమిషాల్లో మారలేదు, అతనికి ఎడమ పక్క దొరికింది. (అక్కడా అర్ధరాత్రి ఎడమ అంచున లారీ ఆపి పడుకునేవాళ్ళున్నారు, అక్కడా ముందు ఎడమ మూల పోయిన కార్లు నా దగ్గరికొస్తాయి. అది మళ్ళీ ఆగే చోటు సమస్యే.)

అలాగని డ్రైవర్లు చేసేదంతా సరే అనను. రాత్రి మూడు గంటలకి, ఎడమ లేన్ కంటికి కనపడినంత దూరం ఖాళీగా ఉన్నప్పుడు కూడా డివైడర్ పట్టుకుని పోయే లారీలను ఎన్నో చూశాను. అది భయం కాదు, అలవాటు. వెనక అంబులెన్సు వచ్చినా అద్దం చూడని అలవాటు. టీ కొట్టు దగ్గర ఈ మాట కూడా అన్నాను. అతను వాదించలేదు. "రాత్రి పూట బుర్ర పని చెయ్యదన్నా, బండి ఎటుంటే అటే పోతాం" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా భయపెట్టింది. డ్రైవరు రోజుకి ఎనిమిది గంటలే పని చెయ్యాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. అతను ముందు రోజు మధ్యాహ్నం నుంచి స్టీరింగు మీద ఉన్నాడు. లేన్ మార్చాలంటే బుర్ర పని చెయ్యాలి. అద్దం చూడాలి, వేగం అంచనా వెయ్యాలి. నిద్ర లేని మనిషి చేసే తేలిక పని, ఉన్న చోటే ఉండడం.

ఇంకో సంగతి, లారీని లారీ దాటడం. కారు వాళ్ళకి ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. నా పనిలో కొలతలు అలవాటు కాబట్టి కాగితం మీద వేసి చూశాను. ముందు లారీ 55, వెనక లారీ 60. తేడా అయిదు కిలోమీటర్లు, అంటే సెకనుకి మీటరున్నర కూడా కాదు. రెండు లారీల పొడవులు, ముందూ వెనకా వదిలే ఖాళీ కలిపి 60 మీటర్లు అనుకుంటే దాటడానికి 43 సెకన్లు పడుతుంది. ఆ 43 సెకన్లలో ఆ లారీ ముప్పావు కిలోమీటరు దాకా కుడి లేన్‌లో ఉంటుంది. వెనక వంద మీద వచ్చే కారు అదే సమయంలో దాదాపు 1,200 మీటర్లు వస్తుంది. దూరంగా ఖాళీగా కనిపించిన రోడ్డు దగ్గరికొచ్చేసరికి గోడ అయిపోతుంది. అప్పుడు అతను ఎడమకి చూస్తాడు.

మా అన్నయ్య కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు. వాడితో ఈ లెక్క చెబితే, అక్కడ దీనికి పేరే ఉంది బాబాయ్, ఏనుగుల పందెం అంటారు అన్నాడు. హామ్ అనే ఊళ్ళోని పై కోర్టు 2008లో ఒక కేసులో దీనికి కొలత కూడా చెప్పింది: రెండు బళ్ళ వేగానికీ సుమారు పది కిలోమీటర్ల తేడా ఉండాలి, దాటడం 45 సెకన్లకి మించకూడదు. బ్రిటన్‌లో అయితే మూడు, అంతకన్నా ఎక్కువ లేన్లున్న మోటార్‌వే మీద 7.5 టన్నులు దాటిన సరుకు లారీ కుడి చివరి లేన్‌లోకి రానే కూడదు. ఇవి విని అసూయ పడ్డాను. అయితే వాళ్ళ మోటార్‌వే మీద బైకు ఎదురు రాదు, వడ్లు ఆరబొయ్యరు, అలిసిపోయిన డ్రైవరుకి లారీ ఆపుకుని పడుకునే స్థలాలు కట్టి ఉన్నాయి. ముందు అవి, వాటి పక్కనే రూలు.

నాన్న చివరిసారి ఈ రోడ్డు మీద నా కారులో 2013లో వచ్చాడు. అప్పటికి నాలుగు లేన్లు అయిపోయాయి. ముందు సీట్లో, ఎడమ పక్క, కూర్చుని దారంతా రోడ్డునే చూశాడు. పాత కల్వర్టులు ఎక్కడుండేవో గుర్తుపట్టడానికి ప్రయత్నించాడు. నకిరేకల్ దాటాక ఎడమ లేన్‌లో వరసగా ఆగిన మూడు లారీలను చూసి, "ఇంత రోడ్డేశారు, లారీ ఆపుకోడానికి చోటేదిరా?" అన్నాడు. హైవే మీద అక్కడక్కడా లారీ బేలు, అంటే లారీలు ఆపుకునే జాగాలు, ఉన్నాయి. చీకటి పడేసరికి నిండిపోతాయి. కొన్నిటి ముందు కొట్లు వెలిశాయి. మరుగుదొడ్డి, నీళ్ళు, లైటు ఉన్న చోటు దొరకని డ్రైవరు ధాబా ముందో టైరు పంక్చరు కొట్టు ముందో సగం రోడ్డు మీద ఆపుతాడు. ఆ సగం లారీని తప్పించడానికి వెనకొచ్చే వంద లారీలు కుడికి వెళతాయి. వెళ్ళినవి అక్కడే ఉండిపోతాయి. నేను ఎన్ని ఫైళ్ళు తిరగేసినా చివరికి ఇక్కడికే వస్తున్నాను: కుడి లేన్‌లో పోయే లారీకి మూలం ఎడమ లేన్‌లో ఆగిన లారీ.

అందుకే హైవే ఆరు లేన్లు చేస్తామని, కెమెరాలు పెట్టి లారీలకి చలానాలు వేస్తామని ఎవరైనా అంటే నాకు పూర్తి సంతోషం కలగదు. మూడో లేన్ వస్తే దాంట్లోనూ ఆపుతారు, మొదటి లేన్ పార్కింగుగా మిగులుతుంది. ముందు ఆగిన బళ్ళని ఎడమ లేన్‌లోంచి తియ్యండి. టోల్ కట్టించుకునేవాళ్ళ దగ్గర క్రేన్లున్నాయి, పెట్రోలింగ్ బళ్ళున్నాయి, రోజూ ఆ దారినే తిరుగుతారు. డ్రైవరుకి పడుకునే చోటు చూపించి అప్పుడు లేపండి. ఊళ్ళ దగ్గర అండర్‌పాసులు కట్టండి. ఆ తర్వాత కుడి లేన్‌లో నింపాదిగా పోయే లారీకి 500 కాదు, చట్టం ఒప్పుకున్న 1,000 రూపాయలూ వెయ్యండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను. ఎడమ లేన్ ఇవ్వకుండా ఎడమకి పొమ్మనడం మాత్రం న్యాయం కాదు.

కారు నడిపేవాళ్ళకి నా దగ్గరున్నది ఒక్కటే విన్నపం. లారీ వెనక నుంచి ఎడమకి కోయకండి. హారన్ కొట్టండి, లైటు వెయ్యండి, తిట్టుకోండి కూడా, కానీ ఆ 43 సెకన్లు ఆగండి. ముందు ఎడమ లేన్‌లో ఏముందో చాలా దూరం దాకా మీ కళ్ళతో కనపడితే తప్ప వెళ్ళొద్దు. ఇంకోటి, పాత డ్రైవర్లు కొందరు కుడి ఇండికేటరు వేస్తే "దారి ఖాళీ, నువ్వు పో" అని అర్థం. రెండు లేన్ల రోడ్డు రోజుల్లో పుట్టిన భాష అది, నాన్న కూడా అలాగే వేసేవాడు. కొత్త డ్రైవరు వేస్తే "నేను కుడికొస్తున్నా" అని. ఒకే లైటుకి రెండు అర్థాలు. ఏదో తేల్చుకోలేనప్పుడు రెండోదే అనుకోండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల్లో అన్నిటికన్నా ఎక్కువ రకం, వెనక నుంచి వెళ్ళి గుద్దడమే. నా రిపోర్టుల్లోనూ అంతే.

నాన్న గురించి ఇంకొక్కటి చెప్పాలి. ఆ వేసవిలో నార్కట్‌పల్లి దగ్గర రాత్రిపూట మా లారీకి వెనక యాక్సిల్ విరిగింది. తుమ్మ కొమ్మలు విరిచి, రోడ్డు పక్క రాళ్ళు తెచ్చి, లారీ వెనక దూరం నుంచి వరసగా పెట్టమన్నాడు. "లెక్కపెట్టుకుంటూ పెట్టు" అన్నాడు. ఏడు రాళ్ళు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చి బాగుచేశాక, ఎండలో నేను లారీ ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎన్ని పెట్టావు?" ఏడు. "ఎన్ని తీశావు?" అయిదు తీసి కాలవలోకి విసిరాను, రెండు దూరంగా ఉన్నాయని వదిలేశాను. నాన్న ఇంజను ఆపి, నా కూడా నడిచి వచ్చి, ఆ రెండూ తీసేదాకా అక్కడే నిలబడ్డాడు. అప్పటికే బండి ఒక రోజు ఆలస్యం. ఓనరు గారు ఎంత తిడతారో నాన్నకి తెలుసు.

ఇప్పుడు లారీ బాగవగానే రాళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోతున్నారు. ఎడమ లేన్‌లో వెళ్ళే బైకువాడు రాత్రి ఆ రాయి మీద ఎక్కుతాడు. ఇంకో లారీ దాన్ని చూసి కుడికి జరుగుతుంది.

కిందటి కార్తీకంలో ఒక స్పాట్ సర్వే ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి తిరిగొస్తుంటే, కోదాడకి ఇవతల ఎడమ లేన్‌లో రాళ్ళు కనిపించాయి. పక్కన ఎండిన కొమ్మలు, ఆయిలు మరక. లారీ లేదు. నా కారు బాగా ముందుకి తీసుకెళ్ళి తారు దిగాక ఆపి, నాలుగు లైట్లూ వేసి, టార్చి పట్టుకుని వెనక్కి నడిచాను. దూరం నుంచి లైట్లు రావడం చూసినప్పుడల్లా మట్టిలోకి దిగి నిలబడి, పోయాక మళ్ళీ ఎక్కాను. ఆరు రాళ్ళు దొరికాయి. ఒక్కోటీ కాలవలోకి విసిరాను. వాళ్ళు ఆరే పెట్టి ఉండొచ్చు. అయినా టార్చి తారు మీద వేసుకుంటూ ఏడోదాని కోసం ఇంకో వంద అడుగులు నడిచాను.